ఒంటిలోంచి జారినది

నా రెండో కాన్పు అయిన నాలుగైదు నెలలకు, ఒక ఉదయం బోరింగు దగ్గర అది మొదటిసారి బయటికి వచ్చింది. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు.

ధర్మవరంలో మాది నేతపనివాళ్ల వీధి. ఇంట్లో రెండు మగ్గాలు ఉండేవి. ఒకటి మా ఆయనది, రెండోది నాది. మా ఆయన నాకు మేనత్త కొడుకే. అత్త వసారాలో రాట్నం ముందు కూర్చుని మా ఇద్దరికీ దారం కండెలకు చుట్టేది. చిన్న వయసులోనే భర్త పోతే, పిల్లల్ని ఆ రాట్నం మీదే పెంచిన మనిషి. మాట కటువు. తన కష్టం ఎవరి దగ్గరైనా చెప్పుకోగా నేను వినలేదు. నా కూతురికి అప్పుడు మూడేళ్లు. కొడుకు ఇంకా చంటివాడు.

ఆ ఏడు వానలు పడలేదు. బోరింగులో నీళ్లు బాగా లోతుకు పోయాయి. పిడి మీద ఒళ్లంతా వేసి కొట్టగా కొట్టగా ఎప్పటికో సన్నటి ధార వచ్చేది. నేను ఒక బిందె నింపి రెండో బిందె పెట్టాను. పిడిని కిందికి నొక్కిన ఒక ఊపులో కాళ్ల మధ్య ఏదో మెత్తగా, వెచ్చగా జారి అక్కడే ఆగింది. నెత్తురు గడ్డ పడిందనుకున్నాను. చీర మీదుగా కిందికి చూసుకున్నాను, ఏమీ కనపడలేదు. వెనక వరుసలో ఉన్న ఒకామె, "కొట్టు మే, అట్లే నిలబడుకుంటివే" అంది. నేను రెండో బిందె అక్కడే వదిలేసి, నిండినదాన్ని చంకన పెట్టుకుని, తొడలు దగ్గరికి అదిమి పట్టి, చిన్న చిన్న అడుగులు వేస్తూ ఇంటికి వచ్చాను.

పెరట్లో తడికెలు కట్టిన స్నానాల చోటుకు పోయి చెయ్యి పెట్టి చూసుకున్నాను. కోడిగుడ్డంత ఉంది. నున్నగా, తడిగా ఉంది. నెత్తురు లేదు. నొప్పి కూడా లేదు. నొప్పి ఉండి ఉంటే ఏదో దెబ్బ తగిలిందనైనా అనుకునేదాన్ని. నా ఒంటి లోపలిది, నేను ఎన్నడూ చూడకూడనిది, నా చేతికి తగులుతోంది. కింద కూర్చోబోతే అది ఇంకాస్త దిగినట్టనిపించి ఠక్కున లేచాను. గోడ పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. లోపలికి పోయి చాప మీద వెల్లకిలా పడుకుంటే, కాసేపటికి దానంతట అదే వెనక్కి పోయింది.

మొదట పేగులు తెగి జారుతున్నాయని అనుకున్నాను. కొడుకు పుట్టినప్పుడు లోపల ఏదో తెగింది, ఇక ఒక్కొక్కటిగా అన్నీ బయటికి వస్తాయి అనుకున్నాను. ఆ కాన్పు చాలా కష్టమైంది. ఒక పగలంతా, ఒక రాత్రంతా నొప్పులు పడ్డాను. మంత్రసాని ఇంకా సమయం రాకముందు నుంచే "ముక్కు మే, ముక్కు" అని తొందరపెట్టింది. చివరికి ఇద్దరు ఆడవాళ్లతో నా కడుపును పైనుంచి కిందికి అదిమించింది. బిడ్డ బతికి బయటపడ్డాడు, అదే పదివేలు అనుకున్నాం. నెల తిరక్కముందే మగ్గంలో కూర్చున్నాను, బిందెలు ఎత్తాను. ఎవరూ బలవంతం చేయలేదు. మా వీధిలో అందరూ అంతే.

ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడానికి సిగ్గు ఒక్కటే కారణం కాదు. అంతకు రెండేళ్ల ముందు మా వీధిలో ఒకామె గర్భసంచిలో పుండు లేచి చనిపోయింది. మొదట్లో ఆమె కూడా "కింద ఏదో గడ్డ మాదిరి తగులుతాంది" అని చెప్పుకుందట. చివరి రోజుల్లో వాసన భరించలేక ఆమె మంచాన్ని ఇంటి వెనక చూరు కిందికి మార్చారు. సంగటి ముద్ద పెట్టిన పళ్లెం దూరం నుంచి జరిపేవాళ్లు. నేను ఒకసారి చూడబోతే, ఆమె కూతురు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని తల్లికి నీళ్లు తాగిస్తోంది. నాకు వచ్చింది కూడా అదేనని బోరింగు దగ్గర జారిన రోజు సాయంత్రానికే తేల్చుకున్నాను. చెప్పిన రోజు నుంచి నా పళ్లెం కూడా దూరం నుంచే జరుపుతారు, పిల్లల్ని నా దగ్గరికి రానివ్వరు. కాబట్టి ఎన్నాళ్లు దాచగలిగితే అన్నాళ్లు దాచాలి.

రోజూ ఉదయం లేవగానే లోపలే ఉండేది. నిలబడి పని చేసేకొద్దీ దిగేది. మధ్యాహ్నానికి నడుము గుంజేది, అడుగు తీసి అడుగు వేస్తే తొడలకు రాసుకునేది. పాత చీర చించి గోచీ మాదిరి బిగించుకోవడం మొదలుపెట్టాను. ఆ బట్టలు ఉతికి, ఎవరికీ కనపడకుండా పెరట్లో కట్టెల మోపు వెనక ఆరేసేదాన్ని.

అంతకన్నా భయపెట్టింది తడి. దగ్గినా, నవ్వినా, బరువెత్తినా చుక్క చుక్క మూత్రం పడేది. మాది గుంత మగ్గం. గట్టు మీద కూర్చుని, కాళ్లు గుంతలోకి వదిలి, కింద కర్రలను పాదాలతో తొక్కుతూ నేయాలి. నేసిన చీర చుట్టుకునే కర్ర సరిగ్గా ఒడికి ఆనుకుని ఉంటుంది. తొక్కిన ప్రతిసారీ లోపల ఒత్తిడి పడేది. ఒడి మీద పట్టు, జరీ, ఎవరి పెళ్లికో పోయే చీర. కింద నా తడి. పట్టు మీద పడ్డ మరక పోదు. నేను గోనె పట్టా మీద రెండు మూడు మడతల బట్ట వేసుకుని, మాటిమాటికీ లేచి మార్చుకునేదాన్ని. చీర మగ్గం దిగిన రోజు, పట్టు ఇచ్చి మాతో నేయించుకునే సేటు దాన్ని వెలుతురుకు ఎత్తి చూసేవాడు. ఎక్కడ ముక్కు దగ్గరికి తీసుకుంటాడో అని నేను తలుపు చాటు నుంచి ఊపిరి బిగబట్టి చూసేదాన్ని. ఆయన ఎప్పుడూ ఏమీ అనలేదు. అయినా ప్రతి చీరకూ అదే భయం.

నీళ్లు తాగడం తగ్గించాను. తాగకపోతే తడి ఉండదనుకున్నాను. దానితో మూత్రానికి పోతే మంట మొదలైంది, అది చాలక మలబద్ధకం. ముక్కితే అది ఇంకా పెద్దదిగా దిగేది. అందుకని ఆకలైనా సగమే తినేదాన్ని.

మా ఆయనకు ముందు వేరే అనుమానం వచ్చింది. ఒకరోజు అత్త పిల్లల్ని తీసుకుని కూరగాయలకు పోయినప్పుడు, ఎదురు మగ్గంలోంచి చేతులు ఆపి అడిగాడు.

"నా మీద ఏమన్నా కోపమా నీకు?"

"లేదే. యాల?"

"పక్కనొచ్చి పండుకోవడానికి గూడా భయపడతాండావు. చెయ్యేస్తే ఉలిక్కిపడతావు. మీ ఇంటికి పోవాలని ఉంటే చెప్పు, తోలుకొని పోతా."

చెప్పేద్దామని నోరు తెరిచాను. తెరిచాక, అతని కళ్లలో రేపటి నుంచి వచ్చే అసహ్యాన్ని నేనే ఊహించుకుని మూసుకున్నాను. "కాన్పయినాక నడుము కుదురుకోలేదు బావా" అన్నాను. అతను తల వంచుకుని మళ్లీ నేయడం మొదలుపెట్టాడు.

అత్త మాత్రం కట్టెల మోపు వెనక బట్టలు చూసింది. ఒక మధ్యాహ్నం వాటిని చేత్తో పట్టుకుని వచ్చి నా ముందు నిలబడింది.

"ముట్టు బట్టలు గావు ఇవి. నెత్తురే లేదు. ఏంది దాచుతాండావు?"

నేను ఏడ్చేశాను. ఏడుస్తూనే అంతా చెప్పాను. పుండు అని కూడా చెప్పాను. ఆమె ముఖం మాడిపోయింది, కానీ నేననుకున్నట్టు వెనక్కి జరగలేదు. బట్టలు మడిచి పక్కన పెట్టి, "పుండు గాదులే. సంచి జారింటాది. వానికి చెప్పొద్దు. మగోళ్లకు ఇట్లాటివి తెలియగూడదు. నాకు తెలిసిన ముసలామె ఉండాది, పోదాం" అంది. సంచి జారడం అనే మాట నేను అప్పుడే మొదటిసారి విన్నాను. అంత తేలిగ్గా ఆమెకు ఎలా తెలిసిందని అడగాలని కూడా నాకు తోచలేదు.

ఆసుపత్రి మాట ఇద్దరమూ ఎత్తలేదు. ఎమర్జెన్సీ పోయి ఎంతో కాలం కాలేదు. ఆసుపత్రి గడప తొక్కితే పట్టుకుని పిల్లలు పుట్టకుండా కోసి పంపిస్తారని మా వీధిలో ఇంకా చెప్పుకునేవాళ్లు. నిజమో కాదో ఎవరికీ తెలియదు, భయం మాత్రం అందరికీ ఉండేది.

ఊరి బయట గుడిసెలో ఉండే ఆ ముసలామె నన్ను పడుకోబెట్టి చూసింది. పటిక, ఏవో ఆకులు, ఒక వేరు కలిపి నూరి, బట్టలో చిన్న మూట కట్టి లోపల పెట్టింది. "గుంజి పట్టుకుంటాది. మంట పుట్టినా తీయొద్దు" అంది. మంట కాదు, నిప్పు పెట్టినట్టుంది. పళ్లు బిగించి ఓర్చుకున్నాను. మరుసటి రోజుకు చలిజ్వరం వచ్చింది. ఆ తర్వాతి రోజుకు వాసన మొదలైంది.

ఆ వాసన నాకు తెలిసిందే. చూరు కింద మంచం మీద చనిపోయిన మనిషి దగ్గర వచ్చిన వాసనే. ఇక నాకు ఏ అనుమానమూ లేకపోయింది. అత్త మూటను తీసి పారేసింది, అయినా జ్వరం దిగలేదు. కొడుకు పాలకు ఏడుస్తుంటే దగ్గరికి తీసుకోవడానికి భయపడ్డాను. నా రోగం వాడికి తగులుతుందని. కూతురు గడప దగ్గర నిలబడి, "అమ్మ లేయదా?" అని వాళ్ల నాయనను అడిగింది.

అప్పుడతను నా పక్కన కూర్చుని, "ఏమయిందో ఇప్పుడన్నా చెప్పు" అన్నాడు. చెప్పాను. తలుపు వైపు చూస్తూ చెప్పాను, అతని ముఖం చూసే ధైర్యం లేదు. అతను లేచి వసారాలోకి పోయి, తన తల్లితో ఎన్నడూ మాట్లాడని గొంతుతో అన్నాడు.

"చచ్చిపోయినాక చెబుతామనుకుంటిరా నాకు? లెయ్. అనంతపురం పోతాండాం."

పిల్లల్ని పక్కింట్లో అప్పగించి బస్సెక్కితే, వెనక సీటు తప్ప దొరకలేదు. గుంతల్లో బస్సు ఎగిరినప్పుడల్లా నేను రెండు చేతులతో సీటు అంచు పట్టుకుని ఒళ్లు పైకి లేపుకునేదాన్ని. బుక్కరాయసముద్రం చెరువు గురించి ఎవరో పెద్దగా మాట్లాడుకుంటున్నారు, ఈసారి దాంట్లో కూడా నీళ్లు లేవని. అత్త ఒక చేతిని నా నడుము వెనక దిండులా పెట్టి దారంతా తీయలేదు.

పెద్దాసుపత్రిలో ఆడవాళ్ల విభాగం ముందు చాలామంది ఉన్నారు. నా వంతు వచ్చాక నర్సు నన్ను ఒక బల్ల ఎక్కించి కాళ్లు రెండు పక్కలకు పెట్టించింది. పక్కన పళ్లెంలో ఇనుప సామాను. డాక్టరమ్మ నడివయసు మనిషి, చేతికి తొడుగు వేసుకుంటూ నా ముఖం చూసింది. నా పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"ఏం పెట్టినారమ్మా లోపల?"

అత్త తెర అవతలి నుంచి చెప్పింది. డాక్టరమ్మకు కోపం వచ్చింది, అది నా మీద చూపలేదు. మెల్లగా కడిగింది. తర్వాత, "దగ్గు" అంది. దగ్గాను. "ఇంకా గట్టిగా. భయపడొద్దు, అది బయటికి వస్తేనే కదా నేను చూసేది." దాచడానికి ఇన్ని నెలలు తంటాలు పడ్డదాన్ని, ఒకరి కళ్ల ముందు కావాలని బయటికి తెచ్చాను. కళ్లు గట్టిగా మూసుకున్నాను.

"నేనెన్నాళ్లు బతుకుతాను మేడమ్?" అని అడిగాను.

"ఎందుకట్లా అంటావు?"

"ఇది పుండే గదా. కేన్సరే గదా."

ఆమె తొడుగు విప్పి నా తల వైపు వచ్చింది. "కాదు. నేను లోపల చెయ్యి పెట్టి చూసినాను. ఇది నీ గర్భసంచి, అంతే. పొట్ట అడుగున కండరాలు ఉంటాయి, జోలె కట్టినట్టు. గర్భసంచి, మూత్రం సంచి, పేగు కొస, అన్నీ దాని మీదే నిలబడతాయి. కాన్పులో అది సాగిపోయింది. కాన్పు పచ్చి ఆరకముందే నీళ్లు మోసినావు. ఇప్పుడు వాసన వచ్చేది ఆ మందు వల్ల చీము పట్టి. దానికి ఇంజక్షన్లు ఇస్తాం, తగ్గుతుంది."

నేను నమ్మలేదు. రోగికి నిజం చెప్పరని విన్నాను. వార్డులో ఉన్నన్ని రోజులూ నర్సు ముఖం, అత్త ముఖం, మార్చి మార్చి చూసేదాన్ని, ఎక్కడైనా జాలి కనిపిస్తుందేమోనని. ఒక ఉదయం బట్ట మార్చుకుంటుంటే వాసన లేదు. మరోసారి చూసుకున్నాను. లేదు. బాత్రూములో గోడకు ఆనుకుని ఏడ్చాను. నేను చనిపోవడం లేదని డాక్టరమ్మ చెప్పినప్పుడు కాదు, అప్పుడు నమ్మాను.

ఇంటికి పంపేముందు డాక్టరమ్మ లోపల ఒక రబ్బరు రింగు పెట్టింది. పెద్ద గాజులా గుండ్రంగా ఉంది. సంచి కిందికి దిగకుండా ఆపుతుందని, కొన్ని నెలలకొకసారి వచ్చి మార్పించుకోవాలని చెప్పింది. అత్త అడిగింది, "అది పైకి పోయి గుండెకు తగులుకోదా తల్లీ?" డాక్టరమ్మ నవ్వి, పైకి పోవడానికి దారి లేదంది. తర్వాత నాకు ఒక కసరత్తు నేర్పింది. మూత్రం పోతూ పోతూ మధ్యలో ఆపితే లోపల ఏది బిగుసుకుంటుందో గుర్తుపట్టమంది. "దాన్నే బిగించు, కొంచెంసేపు పట్టు, వదులు. మూత్రం పోసేటప్పుడు కాదు, అది గుర్తుపట్టడానికే. కూర్చున్నా, పడుకున్నా, రోజూ చెయ్యి. నీళ్లు బాగా తాగు. ముక్కొద్దు. బిందెలు ముట్టుకోవద్దు."

బయట ఉన్న మా ఆయనను పిలిపించి ఆ చివరి మాట అతనికి కూడా చెప్పింది. అతను నేల చూస్తూ తలూపాడు. ఊరికి వచ్చిన మరుసటి రోజు నుంచి అతనే బిందెలు తీసుకుని బోరింగుకు పోయాడు. ఆడవాళ్ల వరుసలో ఒక్క మగవాడు. నవ్వారు. పెండ్లానికి ఊడిగం చేస్తున్నాడని అన్నారు. నేను బాధపడితే, "నవ్వుకోనీ. వాళ్ల నోళ్లు నొస్తే వాళ్లే మూసుకుంటారు" అన్నాడు. వంట చెరుకు, పిండి మూట, నేనెత్తే లోపలే తను ఎత్తేవాడు. అంతకుమించి ఆ విషయం మేం మాట్లాడుకోలేదు. రింగు లోపల ఉండగా తను దగ్గరికి రావచ్చా అని అడగడానికి ఇద్దరికీ చాలా నెలలు పట్టింది. నేనే డాక్టరమ్మను అడిగాను, తలెత్తకుండా. రావచ్చని చెప్పింది.

రింగుతో కొన్ని సంవత్సరాలు గడిచాయి. మగ్గంలో కూర్చుని, పోగు వేసేటప్పుడు బిగించి, వదిలి, మళ్లీ బిగించి, ఆ కసరత్తు చేసేదాన్ని. తడి చాలా వరకు తగ్గింది. పిల్లలు బడికి పోయే వయసుకు వచ్చారు. ఇక పిల్లలు వద్దనుకున్నాం. అంతా కుదురుకుందనుకున్న సమయంలో ఒకరోజు బట్టకు నెత్తురు అంటింది. ముట్టు సమయం కాదు.

పాత భయమంతా ఒక్క నిమిషంలో తిరిగి వచ్చింది. ఈసారి పుండేనని, అప్పుడు డాక్టరమ్మ పొరబడిందని అనుకున్నాను. అనంతపురం పోయేదాకా అన్నం దిగలేదు. రింగు రాసుకుని లోపల ఒరుసుకుపోయిందని చెప్పి ఆమె రింగు తీసేసింది. ఒక చిన్న ముక్క పరీక్షకు పంపింది. ఆ ఫలితం వచ్చేదాకా నేను బతికిన తీరు చెప్పలేను. పిల్లలకు తలలు దువ్వుతూ, వీళ్లకు నా ముఖం గుర్తుంటుందా అని లెక్కలు వేసుకునేదాన్ని. ఫలితంలో చెడు ఏమీ లేదు. కానీ డాక్టరమ్మ, "ఇంక ఆపరేషన్ చేయించుకోమ్మా. సంచి కింద నుంచే తీసేసి, సాగిపోయిన గోడలను కుట్టి బిగిస్తాం. పొట్ట కోయం" అంది.

సంచి తీసేస్తే ఆడమనిషి ఆడమనిషిగా ఉండదని, గడ్డం మొలుస్తుందని, మగడు వేరే దారి చూసుకుంటాడని మా వీధిలో అనేవాళ్లు. నేను ఆ మాటలన్నీ మా ఆయనకు చెప్పాను. అతను విని, "నువ్వు బల్ల మీద నుంచి లేచొస్తే చాలు నాకు" అన్నాడు. అతను కూడా భయపడుతున్నాడని అప్పుడు తెలిసింది. అది నాకు ధైర్యం ఇవ్వలేదు, ఇంకా భయం పెంచింది.

ఆపరేషన్ రోజు వెన్నులో సూది వేశారు. పడుకోబెట్టాక కాళ్లు వెచ్చబడ్డాయి, తర్వాత బరువెక్కాయి, తర్వాత లేకుండా పోయాయి. బొటనవేలు కదిలించాలని చూశాను. ఎక్కడుందో తెలియలేదు. కాళ్లు పోయాయి, ఇక మగ్గం తొక్కలేను అనుకుని, "మేడమ్, నా కాళ్లు, నా కాళ్లు" అని అరిచాను. తల దగ్గర ఉన్న నర్సు నా చెంప మీద చెయ్యి పెట్టి, "వస్తాయమ్మా, సాయంత్రానికి వస్తాయి. నన్నే చూడు" అంది. తెర అవతల ఏవో లాగుతున్నట్టు, తోస్తున్నట్టు తెలిసేది, నొప్పి లేదు. ఇనుము ఇనుముకు తగిలే చప్పుడు వినిపించేది. నేను ఆ నర్సు కనుబొమల మధ్య బొట్టు మీద చూపు నిలిపి పడుకున్నాను. సాయంత్రం ఎడమ పాదం మీద ఈగ వాలితే తెలిసింది. అంత సంతోషం నాకు ఏ పండగకూ కలగలేదు.

భయం దాంతో అయిపోలేదు. మూత్రానికి పెట్టిన గొట్టం కొన్ని రోజులకు తీశారు. తీశాక మూత్రం రాలేదు. పొట్ట ఉబ్బింది. మళ్లీ గొట్టం పెట్టారు, మళ్లీ తీశారు. ఒకప్పుడు ఆగక ఏడ్చినదాన్ని, ఇప్పుడు రాక ఏడ్చాను. రెండోసారి తీసినప్పుడు అత్త చెంబుతో నీళ్లు ధారగా పోస్తూ పక్కన నిలబడింది. వచ్చింది. తర్వాత దొడ్డికి పోవాలంటే వణుకు. కుట్లు తెగి అన్నీ మళ్లీ జారతాయని. డాక్టరమ్మ మలం మెత్తబడే మందు ఇచ్చి, కుట్లు తెగవని ఎన్నిసార్లు చెప్పినా, చేతిని కింద ఆనించి పట్టుకుని గానీ కూర్చోలేదు.

ఆ వార్డులోనే, ఒక మధ్యాహ్నం, నాకు బత్తాయి ఒలిచి పెడుతూ అత్త అడిగింది.

"ఆ రింగు... ముసలోళ్లకు గూడా పెడతారా?"

"ఎవరికత్తా?"

ఆమె తొనల గింజలు తీస్తూనే ఉంది. "నాకు."

నేను లేచి కూర్చోబోయాను, కుట్లు లాగాయి. "ఎప్పటినుంచి?"

"నీ మొగుడు పుట్టినప్పటినుంచి. పోనీలే అనుకుంటి. పైకి తోసుకొని, బట్ట కట్టుకొని, పని చేసుకుంటా వస్తి. రాట్నం ముందర కూసుంటే ఎవరికి తెలుస్తాది?"

అన్నేళ్లు ఆమె నా ఎదురుగానే కూర్చుని కండెలు చుట్టింది. పెళ్లిళ్లకు రమ్మంటే మోకాళ్లు నొప్పులనేది. గుడికి పోదామంటే పని ఉందనేది. అదే బరువు, అదే తడి, నేను కొన్ని నెలలు మోసి చావుకు సిద్ధపడినదాన్ని, ఆమె ఇంత కాలం ఒంటరిగా మోసింది.

"నాకు చెప్పింటే ఏమయ్యేది అత్తా?"

"ఏం చెప్పేది? భయమయ్యేది. చూస్తే తీసేయాలంటారు, కోస్తే చచ్చిపోతా, పిల్లోళ్లు దిక్కులేకుండా పోతారు అని. పెద్దయినారు గదా అనుకునేసరికి అలవాటయిపోయింది."

మరుసటి రోజు డాక్టరమ్మ రౌండుకు వచ్చినప్పుడు నేనే చెప్పాను. అత్త నా వైపు గుడ్లురిమి చూసింది, కానీ లేచి ఆమె వెనక పోయింది. నేను మంచం మీద నుంచి కదలలేను. తలుపు వైపే చూస్తూ పడుకున్నాను. ఇన్నేళ్లది కదా, ఆమెకు నిజంగానే ఏదైనా చెడ్డది ఉంటే ఎట్లా అని పదేపదే అనుకున్నాను. చాలాసేపటికి వచ్చింది. చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ, "బీపీ ఉండాదంట. కోయరంట. రింగు పెట్టినారు" అని, కూర్చున్నాక, "రాయి తీసేసినట్టుండాది" అంది. అదొక్కటే అంది.

నేను మూడు నెలలు మగ్గానికి దూరంగా ఉన్నాను. తర్వాత కూర్చున్నాను, ఏమీ కాలేదు. మీసం, గడ్డం రాలేదు. మా ఆయన ఏ దారీ చూసుకోలేదు. దేన్నైనా ఎత్తేముందు ఒక్క క్షణం ఆగి, లోపల బిగించుకునే అలవాటు మాత్రం ఉండిపోయింది.

ఆ మరుసటి ఏడు అత్త తన అక్కను చూడాలంది. ఆమె కళ్యాణదుర్గం అవతల ఒక పల్లెలో ఉండేది. అక్కాచెల్లెళ్లు చూసుకుని ఎన్నో ఏళ్లయింది. ఎందుకు పోలేదో ఇప్పుడు నాకు తెలుసు. ఇద్దరం బస్సెక్కాం. రెండు వైపులా ఎండిన వేరుశనగ చేలు. దారి బాగాలేదు. ఒక పెద్ద గుంతలో బస్సు పడి లేచింది. అత్త గబుక్కున నా చెయ్యి పట్టుకుని, చెవి దగ్గరగా వచ్చి అడిగింది.

"ఊడి పడిపోదు గదా?"

"పడిపోదత్తా."

ఆమె చెయ్యి వదల్లేదు. నేనూ తీసుకోలేదు. కళ్యాణదుర్గం బస్టాండు వచ్చేదాకా అట్లాగే కూర్చున్నాం.